పాత కోటకు కొత్త గోడ

అబ్దుల్లా కుతుబ్ షా పేరు చెప్పగానే మనలో చాలామందికి తారామతి కథ గుర్తొస్తుంది. బారాదరిలో ఆమె పాడితే గోల్కొండ పైన కూర్చున్న రాజుకు వినపడేదని, తారామతి, ప్రేమామతి ఇద్దరూ తాడు మీద నాట్యం చేస్తూ కోట దాకా వచ్చేవాళ్లని గైడ్లు చెప్తారు. అంతకు మించి ఆయన గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఊరు కట్టిన కులీ కుతుబ్ షాకు చార్మినార్ ఉంది. చివరి రాజు తానీషాకు మన రామదాసు ఉన్నాడు. మధ్యలో 46 ఏళ్లు రాజ్యం చేసిన ఈయనకు ఏముంది అని వెతికితే నాకు దొరికింది ఒక గోడ. ఆ గోడ లోపల ఇప్పుడు గోల్ఫ్ ఆడుతున్నారు.

నేను సీఎస్ఈ స్టూడెంట్‌ని. హిస్టరీ నా సబ్జెక్టు కాదు. కానీ నడుస్తున్న పాత సిస్టమ్‌ని ఆపకుండా, పడగొట్టకుండా మార్చడం ఎంత కష్టమో మన బ్రాంచ్ వాళ్లకు బాగా తెలుసు. కొత్తగా రాయడం సులువు, వేరేవాళ్లు రాసి వెళ్లిపోయిన దాన్ని బాగుచేయడమే తలనొప్పి. అబ్దుల్లా జీవితమంతా ఆ రెండో రకం పనే. ఆయనకు అన్నీ పెద్దవాళ్లు కట్టి ఇచ్చినవే వచ్చాయి. కోట, ఊరు, గనులు, రేవులు, చివరికి సగంలో ఉన్న మక్కా మసీదు కూడా.

అబ్దుల్లా 1614లో పుట్టాడు. తండ్రి సుల్తాన్ మహమ్మద్ కుతుబ్ షా, ఆరో రాజు. తల్లి హయాత్ బక్షీ బేగం. ఈమె గురించి ఆగి చెప్పాలి. 1591లో హైదరాబాద్ కట్టిన కులీ కుతుబ్ షాకు ఒక్కగానొక్క కూతురు ఈమె. ఐదో రాజు కూతురు, ఆరో రాజు భార్య, ఏడో రాజు తల్లి. మనం ఎల్బీనగర్ దాటి వెళ్లే హయత్‌నగర్ ఆమె పేరు మీద వెలిసిందే. 1626లో తండ్రి చనిపోయేసరికి అబ్దుల్లాకు పన్నెండేళ్లు. అంటే మన లెక్కలో ఏడో క్లాసు పిల్లాడు. సింహాసనం మీద కొడుకు కూర్చున్నా, వెనక నుంచి రాజ్యం నడిపింది అమ్మే.

ఆ పిల్లాడికి వచ్చిన రాజ్యం మామూలుది కాదు. కృష్ణ ఒడ్డున కొల్లూరులో వజ్రాలు. మచిలీపట్నం రేవులో డచ్చివాళ్లు, ఇంగ్లీషువాళ్లు, పర్షియా వర్తకులు. మన కలంకారీ బట్ట ఓడలెక్కి పోయేది. నిజామాబాద్ వైపు కోనసముద్రంలో తీసిన ఉక్కును కత్తుల కోసం పర్షియా దాకా తీసుకెళ్లేవాళ్లు. దర్బారులో గవ్వాసీ లాంటి దక్కనీ కవులు ఉండేవాళ్లు. బుర్హాన్-ఎ-ఖాతీ అనే పేరున్న పర్షియన్ నిఘంటువును ఈయనకే అంకితమిచ్చారు. మువ్వ గోపాల పదాలు రాసిన క్షేత్రయ్య గోల్కొండ దర్బారుకు వచ్చింది ఈయన కాలంలోనే అని కూడా చెప్తారు. బయటి నుంచి చూస్తే అంతా బాగున్నట్టే.

కానీ ఉత్తరాన షాజహాన్ ఉన్నాడు. 1636లో మొగలు సైన్యం దక్కనుకు దిగగానే అబ్దుల్లా లొంగుబాటు పత్రం మీద సంతకం పెట్టాల్సి వచ్చింది. ఏటా రెండు లక్షల హొన్నులు కప్పం. శుక్రవారం మసీదుల్లో చదివే ఖుత్బాలో షాజహాన్ పేరు. నాణేల మీద కూడా ఆయన పేరే. కుతుబ్ షాహీలు షియాలు కాబట్టి పన్నెండుమంది ఇమాముల పేర్లు ఖుత్బాలో చదివించేవాళ్లు. అది కూడా ఆపాలన్నారు. అప్పటికి అబ్దుల్లాకు ఇరవై రెండేళ్లు. మనకంటే రెండు మూడేళ్లు పెద్ద, అంతే. సొంత ఊళ్లో, సొంత మసీదులో ఏం చదవాలో ఢిల్లీ చెప్తుంటే వినాల్సిన పరిస్థితి.

ఆ పత్రం పుణ్యమా అని ఇరవై ఏళ్లు ఉత్తరం వైపు ప్రశాంతంగా గడిచాయి. ఆ టైములో రాజ్యం దక్షిణానికి పెరిగింది. పెంచినవాడు మీర్ జుమ్లా. ఇరాన్ నుంచి ఉత్త చేతులతో వచ్చి, వజ్రాల వ్యాపారంలో ఎదిగి, గోల్కొండ కొలువులో పెద్ద పదవికి చేరినవాడు. గండికోటతో సహా కర్ణాటక ప్రాంతమంతా జయించాడు. సమస్య ఏమిటంటే, జయించింది రాజు కోసమా తనకోసమా అన్నది రానురాను ఎవరికీ అర్థం కాలేదు. సొంత సైన్యం, సొంత ఫిరంగులు, సొంత గనులు. అబ్దుల్లాకు భయం పట్టుకుంది. 1655 చివర్లో మీర్ జుమ్లా కొడుకు దర్బారులో పొగరుగా ప్రవర్తించాడని కుటుంబంతో సహా ఖైదు చేయించాడు. మీర్ జుమ్లా అప్పటికే మొగలుల వైపు చూస్తున్నాడు. ఇక పూర్తిగా వాళ్ల పక్షం చేరిపోయాడు. అప్పుడు దక్కను సుబేదారుగా ఉన్న ఔరంగజేబుకు కావలసిన సాకు దొరికింది.

1656 జనవరి. ఔరంగజేబు కొడుకు మహమ్మద్ సుల్తాన్ సైన్యంతో హైదరాబాద్ మీదికి వచ్చాడు. అబ్దుల్లా ఊరు వదిలి, మూసీ దాటి గోల్కొండ కోటలోకి వెళ్లిపోయాడు. అప్పటికి ఊరికున్న వంతెన పురానాపూల్ ఒక్కటే. మా ఇల్లు లాల్ దర్వాజా దగ్గర. చార్మినార్ చుట్టుపక్కల అన్ని మహళ్లు ఉండేవని చదువుతాం గానీ, నడిస్తే ఒక్కటీ కనిపించదు కదా అని నాకు ఎప్పటినుంచో అనుమానం. మొదటి పెద్ద దెబ్బ ఆ జనవరిలో పడింది. రాజు లేని ఊరిని సైన్యం దోచుకుంది. 1687లో మళ్లీ, ఇంకా గట్టిగా. మిగిలినవి తర్వాతి కాలంలో పోయాయి. పత్తర్‌గట్టీ దగ్గరి బాద్షాహీ అషుర్‌ఖానాలో గోడల మీద రంగుల పలకలు చూస్తే ఏం పోయిందో కొంచెం ఊహకు అందుతుంది.

ఫిబ్రవరిలో ఔరంగజేబు స్వయంగా వచ్చి కోటను ముట్టడించాడు. గోల్కొండ బయటి గోడకు 87 బురుజులు ఉన్నాయని మనం టూరిస్టు బోర్డుల మీద చదువుతాం. అంత గోడ ఉన్నా ఒక లోపం బయటపడింది. కోటకు ఈశాన్యం వైపు, గోడ బయట ఒక మిట్ట ఉంది. ఫిరంగులు పెద్దగా లేని రోజుల్లో మిట్టతో పనేమిటి, గోడ దాటి దాన్ని పట్టించుకునే అవసరం ఎవరికీ రాలేదు. కానీ 1656 నాటికి దాని మీద ఫిరంగి పెడితే గుండు నేరుగా కోట లోపలికి వస్తుంది. గోడ కట్టినవాళ్లు తప్పు చేయలేదు. వాళ్లు కట్టిన తర్వాత ఆయుధం మారింది.

కోటను కాపాడింది మళ్లీ అమ్మే. పెద్ద వయసులో హయాత్ బక్షీ బేగం ఔరంగజేబు శిబిరానికి స్వయంగా వెళ్లి సంధి మాట్లాడింది. ఢిల్లీలో దారా షికో తమ్ముడి దూకుడు మీద తండ్రికి చెప్పడంతో, ముట్టడి ఎత్తేయమని షాజహాన్ నుంచి ఉత్తర్వు వచ్చింది. మార్చి చివరికి సైన్యం వెనక్కి తగ్గింది. అయితే ఊరికే పోలేదు. కోటి రూపాయల పరిహారం, ఇప్పటి పెద్దపల్లి జిల్లాలోని రామగిరి, అబ్దుల్లా రెండో కూతురును మహమ్మద్ సుల్తాన్‌కు ఇచ్చి పెళ్లి. ఊరిని దోచినవాడికే బిడ్డనిచ్చాడు. ఆ తండ్రి మనసు ఎలా ఉండి ఉంటుందో ఏ చరిత్ర పుస్తకమూ చెప్పలేదు.

సైన్యం వెళ్లిపోయిన తర్వాత అబ్దుల్లా చేసిన పని నన్ను ఆకట్టుకుంది. ఆ మిట్టను తవ్వించేయలేదు. కోటను వదిలి ఇంకోచోట కొత్తది కట్టలేదు. పాత గోడను ఈశాన్యం దగ్గర పొడిగించి, మిట్టను, దాని చుట్టూ ఉన్న నేలను కోట లోపలికి కలిపేసుకున్నాడు. అదే నయా ఖిలా. శత్రువు నిలబడిన చోటే తన బురుజు లేపాడు. ఆ గోడ సరళరేఖలో పోదు. నేల ఎలా ఉంటే అలా వంకరలు తిరుగుతుంది. పువ్వు రేకుల్లా తొమ్మిది వంపులతో ఒక బురుజు కూడా ఉంది. ఏ వైపు నుంచి వచ్చినా గుండు నేరుగా తగలదు, పైనున్నవాడికి మాత్రం అన్ని వైపులా గురి దొరుకుతుంది.

అదే కాలంలో కోట మిగతా చోట్ల కూడా పని నడిచింది. 1666లో మూసా బురుజు కట్టారు. పని చూసిన అధికారి మూసా ఖాన్, కట్టిన శిల్పి ధర్మాచారి. కార్వాన్‌లోని టోలీ మసీదు కట్టించింది కూడా ఈ మూసా ఖానే, 1671లో. రాజుల పేర్లు, మంత్రుల పేర్లు అందరికీ తెలుస్తాయి. ఇంజనీర్ పేరు నిలబడటం అరుదు. సివిల్ బ్రాంచ్ ఫ్రెండ్స్ ధర్మాచారి పేరు గుర్తుపెట్టుకోవాలి.

ఇక్కడ ఇంకో విషయం ఉంది. నయా ఖిలా గోడ చుట్టేసిన నేల ఖాళీ నేల కాదు. ముల్లా ఖయాలీ మసీదు అప్పటికే ఉంది. ఖయాలీ మూడు తరాల ముందటి దక్కనీ కవి. ఆ పక్కనే హతియోంకా ఝాడ్, అంటే ఏనుగు చెట్టు. ఆఫ్రికా నుంచి వచ్చిన బావోబాబ్. మొదలు చుట్టుకొలత దాదాపు 27 మీటర్లు, లోపల తొర్రలో మనుషులు పట్టేంత చోటు. వయసు 400 ఏళ్లు దాటిందంటారు. అదే నిజమైతే గోడ కడుతున్నప్పుడు ఆ చెట్టు అక్కడే నిలబడి ఉంది. యుద్ధం భయంతో, ఖజానా ఖాళీ అయిన టైములో, తొందరగా కట్టాల్సిన గోడ. అయినా మసీదు ఉంది, చెట్టు ఉంది, పక్కన తోటలూ వేశారు. గోడ వాటిని తప్పించి, లోపల పెట్టుకుని వెళ్లింది.

అబ్దుల్లా మిగతా జీవితం నిశ్శబ్దంగా గడిచింది. 1667లో అమ్మ పోయింది. మగపిల్లలు లేరు. ముగ్గురు కూతుళ్లు. పెద్దల్లుడు నిజాముద్దీన్ అహ్మద్ తనకే రాజ్యం వస్తుందనుకున్నాడు. మహమ్మద్ సుల్తాన్‌కే రాజ్యం దక్కేలా ఔరంగజేబు మాట తీసుకున్నాడు గానీ, ఆ కుర్రాడు తర్వాత పెదనాన్న షుజా పక్షం చేరి తండ్రి కోపానికి గురై ఖైదులో ముగిసిపోయాడు. మూడో అమ్మాయికి సయ్యద్ సుల్తాన్‌తో కుదిరిన పెళ్లి ఆఖరి నిమిషంలో తప్పిపోయి, సూఫీ గురువు దగ్గర పెరుగుతున్న అబుల్ హసన్‌ను పెళ్లికొడుకును చేశారు. ఆయనే తానీషా. 1672 ఏప్రిల్‌లో అబ్దుల్లా కన్నుమూశాడు. ఇబ్రహీం బాగ్‌లోని కుతుబ్ షాహీ సమాధుల్లో చోటు దొరికిన చివరి రాజు ఈయనే. తానీషా ఖైదీగా దౌలతాబాద్‌లో పోయాడు.

1687లో ఔరంగజేబు ఈసారి చక్రవర్తిగా వచ్చాడు. గోల్కొండ గోడలు ఎనిమిది నెలలు నిలబడ్డాయి. సొరంగాలు తవ్వి మందుగుండు పెట్టినా, నిచ్చెనలు వేసినా పడలేదు. చివరికి లోపలి మనిషి ఒకడు లంచం తీసుకుని తలుపు తీశాడు. నయా ఖిలా వల్లే కోట అన్నాళ్లు ఆగిందని నేను అనను. కానీ 1656లో దొరికిన లోపం 1687లో శత్రువుకు దొరకలేదు. అబ్దుల్లా రాతిలో ఉన్న తప్పును దిద్దగలిగాడు. మీర్ జుమ్లా లాంటివాళ్లు ఎందుకు విడిచిపోతున్నారు అన్న తప్పును మాత్రం ఆయనా దిద్దలేదు, ఆయన తర్వాతివాళ్లూ దిద్దలేదు.

ఇప్పుడు ఆ నేల మీద 18 హోల్స్ గోల్ఫ్ కోర్సు ఉంది. అది వచ్చేటప్పుడు అక్కడి రైతులు, వారసత్వ కట్టడాల కోసం పనిచేసే సంఘాలు అభ్యంతరం చెప్పారు. ఇప్పటికీ లోపలి మసీదు దగ్గరికి, చెట్టు దగ్గరికి మామూలు జనం ఎప్పుడు పడితే అప్పుడు వెళ్లలేరు.

గోల్ఫ్ మీద నాకు కోపం లేదు. ఈ వ్యాసం కోసం చదివితే అది ఎంత ఇంజనీరింగో తెలిసింది. బంతి చివర్లో దొర్లే నున్నటి గడ్డిని గ్రీన్ అంటారు. ప్రమాణాల ప్రకారం వేసిన గ్రీన్ కింద సుమారు 30 సెంటీమీటర్ల ఇసుక పొర, దాని కింద 10 సెంటీమీటర్ల కంకర, ఆ కింద నీళ్లు పోయే పైపులు. ఏళ్లు గడిచేకొద్దీ ఇసుకలో కుళ్లిన గడ్డి, వేర్లు పేరుకుంటాయి. పైపులు పూడుకుపోతాయి. చెట్ల నీడ పెరిగి గడ్డి పలచబడుతుంది. కర్రలు, బంతులు మెరుగయ్యేకొద్దీ పాత హోల్స్ పొట్టివైపోతాయి. అందుకే ఏ కోర్సునైనా కొన్ని దశాబ్దాలకోసారి తవ్వి మళ్లీ డిజైన్ చేయక తప్పదు. గోల్ఫ్‌కు పుట్టిల్లు లాంటి స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ పాత కోర్సు కూడా అలా మారుతూ వచ్చిందే. 1764లో అక్కడ 22 హోల్స్‌ను 18కి తగ్గించారు. 1865లో ఆ కోర్సు బాధ్యత తీసుకున్న టామ్ మోరిస్ ఇసుక చల్లి గడ్డిని బతికించాడు, కొత్త గ్రీన్లు వేశాడు.

వేరేచోట తవ్వితే మట్టే వస్తుంది. నయా ఖిలాలో మట్టి ఒక్కటే రాదు. కొన్నేళ్ల కింద భారత పురావస్తు శాఖవాళ్లు అక్కడ తవ్వకాలు చేస్తే కుతుబ్ షాహీల తోట బయటపడింది. నీటి కాలువలు, తొట్లు, ఫౌంటెన్లు, మట్టి గొట్టాలు. గోల్ఫ్ గ్రీన్ కింద ప్లాస్టిక్ పైపు చేసే పని కోసమే, నీటిని పద్ధతిగా నడిపించడం కోసమే, ఆ మట్టి గొట్టాలను కూడా వేశారు. మూడు వందల ఏళ్ల పైబడిన డ్రైనేజీ మీద మనం మన డ్రైనేజీ వేసుకుంటున్నాం అన్నమాట. కింద ఏముందో చూడకుండా ఒక్క జేసీబీ దిగితే చాలు, ఆ తోట మళ్లీ దొరకదు. పైన ఉన్నది కూడా గట్టిగా ఏమీ లేదు. 2020 అక్టోబరు వానలకు మజ్నూ బురుజులో కొంత భాగం కూలిపోయింది.

సెయింట్ ఆండ్రూస్ గురించి చదివినప్పుడు ఇంకో సంగతి నచ్చింది. అంత పేరున్న కోర్సులో మామూలు ఆదివారాల్లో ఆట ఉండదు. ఆ నేల ఊరి ఉమ్మడి నేల కాబట్టి ఆ రోజు ఊరివాళ్లు పిల్లలతో, కుక్కలతో వచ్చి తిరుగుతారు. గడ్డికీ విశ్రాంతి. వారానికి ఒక్కరోజు నయా ఖిలాలో కూడా అలా జరిగితే ఎలా ఉంటుంది? క్లబ్బుకు ఆరు రోజులు, ఊరికి ఒక రోజు. కార్వాన్ నుంచి, మా లాల్ దర్వాజా నుంచి, టోలీచౌకీ నుంచి జనం వచ్చి ఏనుగు చెట్టు చుట్టూ చేతులు పట్టుకుని కొలుస్తారు. ఎంతమంది పడతారో మన కాలేజీ వాళ్లతోనే తేల్చొచ్చు.

ఆ కోర్సుకు కూడా ఏదో ఒక రోజు వయసు మీద పడుతుంది. ఎవరో ఆర్కిటెక్ట్ వచ్చి స్క్రీన్ మీద కొత్త మ్యాప్ గీస్తారు. ఆ పని మనలో ఒకరికే రావచ్చు. అప్పుడు ఆ మ్యాప్‌లో గ్రీన్లు, బంకర్లకంటే ముందు గీయాల్సినవి నాలుగున్నాయి. ముల్లా ఖయాలీ మసీదు, ఏనుగు చెట్టు, మట్టి గొట్టాల తోట, అబ్దుల్లా గోడ. ఇవి గీశాక మిగిలిన చోట హోల్స్ ఎన్ని పడితే అన్నే. ఇంట్లో ఖజానా ఖాళీ, గుమ్మంలో శత్రువు, అలాంటి టైములో కూడా మొదటి రెండింటినీ తన గోడ లోపల ఉంచి కట్టాడు ఆ రాజు.